లాంగుల్య మొదటి పడవ

నూకయ్య తన ముప్పై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో వర్క్‌షాపు గేటు దగ్గర ఒకే ఒక్కరోజు ఆలస్యమయ్యాడు. రెండు నిమిషాలు. ఎవరూ పట్టించుకోలేదు, టైమ్ ఆఫీసు బాబు కూడా చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. అయినా తనే ఫోర్‌మన్ దగ్గరికి వెళ్లి, "సార్, ఇయ్యాల నాను లేటు, రాసుకోండి" అని చెప్పుకుని వచ్చాడు. ఆ కథ ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఇప్పటికీ చెప్పుకుంటారు, కొందరు మెచ్చుకుంటూ, ఎక్కువమంది నవ్వుకుంటూ. నూకయ్యకి మాత్రం మెచ్చుకున్నవాళ్లే గుర్తున్నారు. నిజాయితీ కూడా ఒక షోకే. కొందరికి సెంటు, కొందరికి ఉంగరాలు, ఈయనకి ఇది.

రిటైరయ్యాక ఎనిమిదేళ్లు కూర్చుని ఒక పుస్తకం రాశాడు. 'రివర్ లైన్ స్టీమర్లు: ఓడలు, రేవులు, ఆఫీసర్లు' దాని పేరు. రెండువందల పదహారు పేజీలు. శుక్రవారం పొద్దున్న గోల్ బజార్ ప్రెస్సు నుంచి మూడువందల కాపీలు బ్యాటరీ రిక్షా టోటో ఎక్కి తెలుగువాళ్ల పేట ఖరిదాకి వచ్చి, నూకయ్య ఇంటి వరండాలో దిగాయి. ఆదివారం సాయంత్రం ఆవిష్కరణ. తెలుగువాళ్ల సంఘం హాలు మాట్లాడారు, మైకు మాట్లాడారు, సమోసాల్లాంటి సింగాడాలు కూడా చెప్పేశారు. కొత్త పుస్తకం చేతిలో పట్టుకుని పెళ్లికొడుకులా తిరగాల్సిన మనిషి, తొంభై ఎనిమిదో పేజీ తీసి చూడటం, మూసేయడం, మళ్లీ తీయడం. పొద్దుటి నుంచీ ఇదే వరస.

కారణం ముందురోజు వచ్చిన ఫోను. చేసింది ఏంజలిన్ మిస్.

ఏంజలిన్ మిస్‌కి ఎనభై రెండేళ్లు. ముప్పై ఏళ్లకు పైగా రైల్వే పిల్లలకి ఇంగ్లీషు చెప్పింది. రైల్వే కాలనీ సౌత్ సైడులో సగంమందికి ఏబీసీడీలు ఆవిడ స్కేలు దెబ్బతోనే వచ్చాయి. ఆంగ్లో-ఇండియన్ మనిషే గానీ చిన్నప్పుడు పెంచిన ఆయా శ్రీకాకుళం మనిషి కావడంతో ఆవిడ తెలుగు ఖరిదా ఆడవాళ్ల తెలుగులాగే ఉంటుంది. తెలుగు అక్షరం మాత్రం ఒక్కటీ చదవడం రాదు.

"నూకయ్యా, ఆదివారం నాకు కుర్సీ ముందు వరసలో ఎయ్యించు" అంది ఫోనులో. "మా తాత సేప్టరు నువ్వే సదవాల. గట్టిగా సదువు. నాకు ఎడం సెవి ఇనపడదు."

ఆవిడ తాత జెఫ్రీ, రివర్ లైన్‌లో సెకండ్ ఆఫీసరు. ఆయన చాప్టర్లోదే తొంభై ఎనిమిదో పేజీ. ఆ పేజీలో ఆయన గురించి నూకయ్య రాసింది, ఏ మనవరాలూ ముందు వరసలో కుర్చీ వేసుకుని వినదగ్గది కాదు.

రివర్ లైన్ ఇవాళ ఎవరికీ గుర్తులేని కంపెనీ. కలకత్తాలో ఆఫీసు, అయిదే అయిదు స్టీమర్లు. కంపెనీ పెట్టిన దొర మన నదుల్ని మ్యాపులో చూసి ముచ్చటపడి ఓడలకి ఆ పేర్లు పెట్టాడు. లాంగుల్య, వంశధార, గోస్తని, బాహుద, ఋషికుల్య. ఆయన వాటిలో ఏ నది నీళ్లలోనూ కాలు పెట్టిన దాఖలా లేదు. కలకత్తాలో బయలుదేరిన స్టీమరు గోపాలపూరు, బారువ, కళింగపట్నం, భీమిలి, విశాఖపట్నం తాకి, అక్కడి నుంచి తిన్నగా రంగూన్ వెళ్లేది. తిరిగి వచ్చేటప్పుడు మొదట తాకేది కళింగపట్నం. రంగూన్‌లో వరి మిల్లులు. మిల్లుల్లో పని. పని కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వేలకివేలు జనం.

ఆ రేవుల్లో ఓడ వచ్చి ఆనుకోవడానికి గట్టు ఎక్కడిది? స్టీమరు మైలు దూరంలో నిలబడి కూత వేసేది. కొబ్బరితాడుతో కుట్టిన మసూలా పడవల్లో జనం అలల మీద ఎగిరిపడుతూ దాని దగ్గరికి పోయి, తాడు నిచ్చెన పట్టుకుని పైకి పాకాలి. మగవాళ్లు మూటలు నెత్తిన పెట్టుకుని, ఆడవాళ్లు పిల్లల్ని చీరకొంగుతో వీపుకి బిగించుకుని. పైకెక్కాక డెక్ మీద చాప పరుచుకున్నంత మేరే వాళ్లది. టిక్కెట్టు పుస్తకంలో వాళ్లకి పేర్లు కూడా ఉండేవి కావు. డెక్ పాసింజర్లు ఇంతమంది అని ఒక అంకె, అంతే. ఇవన్నీ నూకయ్య పుస్తకంలో చక్కగా రాశాడు. ఆ మాట ఒప్పుకోవాలి.

ఆఫీసర్ల సంగతీ రాశాడు. కెప్టెన్ అంటే స్కాట్లాండు నుంచి దిగాల్సిందే. ఇక్కడ పుట్టిన ఆంగ్లో-ఇండియన్ ఎంత గొప్పగా ఓడ నడిపినా సెకండ్ ఆఫీసరు దగ్గర ఆగిపోవాలి. వాళ్ల కోటుకి ఎన్ని బొత్తాలు, టోపీకి ఎంత వెడల్పు జరీ, ఎవరు ఎవరికి ముందు సలాం కొట్టాలి, అన్నీ కంపెనీ రూల్ బుక్కులోంచి ఎత్తి రాశాడు. ఆఫీసర్ల కింద సరంగు, ఆయన కింద ఖలాసీలు. లాంగుల్యలో బొగ్గు వేసే ఖలాసీల్లో ఒకడు దేముడు. ఆ దేముడే నూకయ్య తాత.

పంతొమ్మిది వందల ముప్పై ఒకటి నవంబరులో రంగూన్ నుంచి వస్తున్న లాంగుల్య కళింగపట్నం ఇంకా రెండు మైళ్లుందనగా తుఫానులో ఇసకమేట ఎక్కి విరిగిపోయింది. తిరుగు ప్రయాణం కాబట్టి డెక్ మీద జనం నలభై ఒక్కమందే. ఉన్న రెండు పడవల్లో మొదటిదాంట్లో వాళ్లందరినీ ఎక్కించుకుని సెకండ్ ఆఫీసర్ జెఫ్రీ, తెడ్లు వేయడానికి దేముడితో కలిపి ఆరుగురు ఖలాసీలు గట్టెక్కారు. రెండో పడవ దించడం కుదరలేదు. కెప్టెనూ మిగతా పంతొమ్మిదిమందీ ఓడతో పాటే పోయారు.

పోయినవాళ్లు పోతే, మిగిలినవాళ్ల మీద లోకం కళ్లు పడ్డాయి. కెప్టెన్ చెప్పకముందే పడవ దించుకుని పారిపోయి వచ్చారని తీరమంతా గుప్పుమంది. విచారణ జరిగింది, ఎవరికీ శిక్ష పడలేదు. కానీ కంపెనీ జెఫ్రీకి మళ్లీ ఓడ ఇవ్వలేదు. ఆయన ఖరగ్‌పూర్ వచ్చి రైల్వేలో గార్డుగా చేరాడు. దేముడు కూడా ఊళ్లో తలెత్తుకోలేక, ఇక్కడికే వచ్చి వర్క్‌షాపులో చేరాడు. ఇద్దరూ ఒకే ఊళ్లో ముప్పై ఏళ్లు బతికి, ప్లాట్‌ఫారం మీద ఎదురుపడితే చెరోవైపు చూసుకునేవారట.

ఆ పుకారు నిజమో కాదో తేల్చాలని నూకయ్య కంకణం కట్టుకున్నాడు. ఏంజలిన్ మిస్ తన తాత ట్రంకు పెట్టె ఇచ్చింది, పని అయ్యాక మళ్లీ ఆవిడ మంచం కిందే పెట్టి వచ్చాడు. విచారణ కాగితాలు, కంపెనీ రూల్ బుక్కు అందులోనే ఉన్నాయి. ఆ కాగితాల్లోంచి, తుఫాను తగ్గాక గట్టుకి కొట్టుకొచ్చిన ఓడ లాగ్ బుక్కు నకలు తీశాడు. లాగ్ బుక్కంటే ఓడలో జరిగిందల్లా టైముతో సహా రాసే పుస్తకం. 'సాయంత్రం 5-10. పడవలు దించమని కెప్టెన్ ఉత్తర్వు' అని ఉంది. పక్కనే కళింగపట్నం లైట్‌హౌస్ డైరీ నకలు. 'సాయంత్రం 4-35. జనంతో పడవ ఒకటి గట్టువైపు వస్తూ కనిపించింది.' నూకయ్య రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. తీసివేత రెండో క్లాసు పిల్లాడికి కూడా వస్తుంది. ముప్పై అయిదు నిమిషాలు.

'కెప్టెన్ ఉత్తర్వుకు ముప్పై అయిదు నిమిషాల ముందే మొదటి పడవ లాంగుల్యను వదిలి వచ్చింది. ఆ పడవలో ఈ రచయిత తాత దేముడు కూడా ఉన్నాడు. చరిత్రకు బంధుత్వం లేదు' అని రాసి, ఆ ఆఖరి వాక్యాన్ని నాలుగుసార్లు పైకి చదువుకున్నాడు. సొంత తాతని కూడా వదల్లేదు చూశారా అని లోకం అనుకుంటుందని ఆయన లోపలి సంబరం. భార్య అప్పలనర్సమ్మకి చదివి వినిపించాడు కూడా. ఆవిడ మధ్యలోనే లేచి వంటింట్లోకి పోయి గిన్నెలు దబదబా పడేసింది. "పోనోల్ల మీద రాతలేల?" అని ఒక్కమాట అంది. ఆ తరవాత ఆ పుస్తకం ఊసే ఎత్తలేదు. ఆడవాళ్ల పిరికితనం అనుకున్నాడు నూకయ్య.

కానీ రాసేటప్పుడు కాగితమే ఎదురుగా ఉంటుంది. చదివేటప్పుడు మనుషులు ఉంటారు. ముందు వరసలో కుర్చీలో కూర్చుని, కుడి చెవి తనవైపు తిప్పుకుని, తాత గొప్ప వినాలని వచ్చిన ఎనభై రెండేళ్ల మనిషి ముందు, మైకులో గట్టిగా ఆ వాక్యం చదవాలి. చదవడం మానేస్తే అబద్ధం. చదివితే హత్య. పదిన్నరయ్యేసరికి ఇక ఉండబట్టలేక, ఒక పుస్తకం సంచిలో వేసుకుని టోటో ఎక్కి, లైన్లు దాటి సౌత్ సైడుకి పోయాడు.

ఏంజలిన్ మిస్ వరండాలో కూర్చుని బఠానీలు ఒలుస్తోంది.

"రా, కుర్సో. చా పెడతాను. పుస్తకం తెచ్చినావేటి?"

"తెచ్చినాను మిస్. కానీ ఆదివారం మీరు రావొద్దు."

"ఏం, కుర్సీలు తక్కువయినాయేటి?"

నూకయ్య నవ్వలేకపోయాడు. చెప్పాల్సింది నిలబడే చెప్పేశాడు. "మీ తాత కెప్టెన్ సెప్పకముందే దిగిపోనాడు మిస్. టైములు దొరికినాయి. మా తాత కూడా ఆ పడవలోనే ఉన్నాడు. నాను అలగే రాసేసినాను. అచ్చయిపోనాది. మీకు ముందరే సెప్పాల, నాకు దయిర్యం సాల్లేదు."

ఆవిడ చేతిలో బఠానీకాయ అలాగే ఉండిపోయింది. నూకయ్యకి తిట్టినా బాగుండుననిపించింది.

"ఆ ట్రంకు మా అమ్మ నాకిచ్చి సచ్చిపోనాటికి నాకు నలభై ఏళ్లు" అంది చివరికి. "నాను ఒక్కనాడు తెరవలేదు. ఇంతమంది పిల్లలకి సదువు సెప్పినాను గానీ ఆ కాయితాలు సదవడానికి బయిమేసింది. ఇలగే ఏదో ఉంటాదని. అందుకే నీకిచ్చినాను. నువ్వు ఎవుల మొహమూ సూసి రాసీవోడివి కాదు. తెలుసుకుని సచ్చిపోదామనుకున్నాను. తెలిసింది. సరే, కుర్సో. ఆ ముక్క సదువు."

నూకయ్య కూర్చున్నాడు. తొంభై ఎనిమిదో పేజీ తీసి, తను మురిసిపోయిన వాక్యాల్ని ఒకటొకటిగా చదివాడు. ఇంట్లో అంత గంభీరంగా వినిపించిన 'చరిత్రకు బంధుత్వం లేదు' ఇక్కడ, ఈ ముసలావిడ ముందు, ఒట్టి పొగరులా వినిపించింది.

ఏంజలిన్ మిస్ కళ్లు తుడుచుకుంది. తుడుచుకున్నాక మళ్లీ టీచరైపోయింది.

"ఆ టైములు ఇంకోసారి సదువు. నెమ్మదిగా."

చదివాడు.

"ఐదూ పది ఎవుల గడియారంలో?"

"ఓడ గడియారం మిస్."

"నాలుగూ ముప్పైయైదు?"

"లైట్‌హౌసోల్లది."

"రెండూ ఒకటేనేటి?"

"గడియారం గడియారమే కదా మిస్!" అన్నాడు నూకయ్య, పాఠం తెలిసిన పిల్లాడి నమ్మకంతో. "హౌరాలో పదయితే ఖరగ్‌పూర్లో పది, వాల్తేరులో పది."

ఈ మాట అనగలిగింది రైల్వే మనిషే. అస్సాంలో సూర్యుడు ఎప్పుడు లేచినా, గుజరాతులో ఎప్పుడు మునిగినా రైలుకి మాత్రం ఒక్కటే టైము. ముప్పై ఎనిమిదేళ్లు వర్క్‌షాపు సైరన్ మీద అన్నం తిన్నవాడికి, గడియారానికి కూడా ఊరుంటుందన్న ఆలోచన కలలో కూడా రాదు. అదే పొలం దున్నేవాడైనా, సముద్రం మీద పోయేవాడైనా ఇంతసేపు పట్టేది కాదు.

ఏంజలిన్ మిస్ బఠానీల గిన్నె పక్కన పెట్టింది. ఏదో గుర్తొచ్చినట్టు నుదురు చిట్లించింది.

"మా అమ్మమ్మ ఒక ముచ్చట సెప్పీది. తాత రంగూన్ నుంచొచ్చిన మర్నాడు ఇంట్లో పెద్ద గొడవంట. తెల్లారకుండానే లేచి, ఐదయింది చా ఏదీ అని అరిచీవోడంట. అమ్మమ్మ గోడ గడియారం సూపించీదంట, ఇంకా నాలుగే అయింది, నీ కడుపు రంగూన్లోనే ఒగ్గేసినావా అని. ఆయన వాచీ ఎప్పుడూ మన టైముకి ఒక గంట ముందుండీది, నూకయ్యా."

నూకయ్య పుస్తకం పక్కన పెట్టాడు. "గంటా?" అన్నాడు.

"గంట."

"ఓడలో కూడా?"

"నాకేటి తెలుసు? పుస్తకం రాసినోడివి నువ్వు."

నూకయ్య కుర్చీలోంచి లేచాడు. రూల్ బుక్కు! కోటు బొత్తాల లెక్క ఎత్తి రాసిన ఆ చిన్న ఎర్ర పుస్తకంలో గడియారాల మీద కూడా ఏదో ఒక రూలు ఉంది. చూసిన గుర్తుంది. గడియారానికి రూలేమిటి, కీ ఇస్తే తిరుగుతుంది అనుకుని పేజీ తిప్పేసిన గుర్తు కూడా ఉంది. "మిస్, ట్రంకు!" అంటూ లోపలికి పరుగెత్తాడు. చెప్పులు కూడా విడవలేదు. మంచం కింద నుంచి పెట్టె లాగడానికి అరవై ఎనిమిదేళ్లాయన ఒకవైపు, ఎనభై రెండేళ్లావిడ ఒకవైపు. ఒకరి నడుం పట్టేసింది, ఒకరి మోకాలు కలుక్కుమంది. పెట్టె మాత్రం బయటికి వచ్చింది.

కాగితాల అడుగున దొరికింది. నూకయ్య పేజీలు గబగబా తిప్పేస్తుంటే ఏంజలిన్ మిస్ పుస్తకం లాక్కుని, కళ్లద్దాలు పెట్టుకుని వెతికింది. ముప్పై ఒకటో రూలు. ఇంగ్లీషులో చదివి, క్లాసులో డిక్టేషన్ చెప్పినట్టు ఒక్కో ముక్కా తెలుగులో చెప్పింది.

"రంగూన్లో బయలుదేరిన స్టీమరులో గడియారాలన్నీ రంగూన్ టైముకే నడవాల. మన దేశం రేవులో లంగరేసినాకే వాటిని ఒక గంట ఎనక్కి తిప్పాల. సముద్రం మీద తిప్పకూడదు." ఆగి, వేలితో ఆ గీతనే మళ్లీ చూపించింది. "సముద్రం మీద తిప్పకూడదు, నూకయ్యా. లాంగుల్య లంగరేసిందేటి?"

"ఎక్కడేసింది మిస్? రేవు సేరందే!"

అంటే ఓడ గడియారంలో ఐదూ పది అయినప్పుడు గట్టు మీద నాలుగూ పది. పడవ కనిపించింది నాలుగూ ముప్పై అయిదుకి. నూకయ్య వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. తప్పేమో అని మళ్లీ లెక్కపెట్టాడు. ఉత్తర్వు ముందు, పడవ తరవాత. ఇరవై అయిదు నిమిషాల తరవాత. ఆ గాలిలో, నలభై ఒక్కమందిని, పసిపిల్లలతో సహా, ఊగిపోతున్న ఓడలోంచి పడవలోకి దించడానికి ఎంత పడుతుందో అంత.

ఆయన అక్కడే నేలమీద, పెట్టె పక్కన కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సిగ్గుపడలేదు. దేముడు గుర్తొచ్చాడు. ఇంటి అరుగు మీద కూర్చుని ఎవరు రంగూన్ ఊసెత్తినా లేచి లోపలికి పోయే తాత. పారిపోయి రాలేదు. చెప్పిన పని చేసి వచ్చాడు. ఇంత హాయి నూకయ్య తన పెళ్లినాడు కూడా ఎరగడు.

"మరి ఎంక్వైరీ దొరలకి ఈ రూలు తెల్దేటి?" అన్నాడు ముక్కు తుడుచుకుంటూ.

"తెలిసే ఉంటాది. అందుకే శిచ్ఛ పడలేదు. ఊళ్లో జనాలకి ఎవులు సెప్పినారు? ఎవులూ సెప్పలేదు." ఏంజలిన్ మిస్ మంచం అంచున కూర్చుని రూల్ బుక్కు ఒళ్లో పెట్టుకుంది. ఆవిడ మొహం పదేళ్లు తగ్గినట్టుంది. "నలభై రెండేళ్లు ఈ పెట్టి మీద పడుకున్నాను. ఇయ్యాల నిద్ర పడతాది."

నూకయ్యకి అప్పుడు గుర్తొచ్చాయి మూడువందల కాపీలు. తగలెట్టేస్తానని లేచాడు.

"ఓరి, ఆగు. రైల్వేలో రూలు మారితే పుస్తకాలు తగలెడతారేటి?"

తగలెట్టరు. రైల్వేలో పనిచేసినవాడికి ఇది చెప్పనక్కర్లేదు. కరెక్షన్ స్లిప్ వేస్తారు. ఫలానా పేజీలో ఫలానా పేరా తీసేసి ఇలా చదువుకోవలెను అని ఒక చీటీ వస్తుంది, దాన్ని ఆ పేరా మీద అంటించేస్తారు. వర్క్‌షాపు మాన్యువల్ సగం చీటీలే. నూకయ్య మొహం విప్పారింది.

చీటీ అక్కడే రాశాడు. మొదట నాలుగు లైన్లు క్షమాపణే వచ్చింది. అహంకారంతో రాశాననీ, పాపిననీ. ఏంజలిన్ మిస్ చదివించుకుని, ఎర్రపెన్ను తెచ్చి అడ్డంగా కొట్టేసింది. "నీ ఏడుపు ఎవులికి కావాల? జరిగింది రాయి."

గోల్ బజార్ ప్రెస్సు చక్రధర్‌ది. వాళ్లది కోస్తా నుంచి వచ్చి బజారులో స్థిరపడ్డ షాపుల కుటుంబం. చీటీ చూసి అతను నొచ్చుకున్నాడు.

"'చరిత్రకు బంధుత్వం లేదు'. ఆ వాక్యం కూడా మూసేస్తారా నూకయ్య గారూ? పుస్తకం మొత్తానికి అదొక్కటే బాగుందండీ!"

"మూసెయ్యి" అన్నాడు నూకయ్య. "బేగి కొట్టు. రేపు పొద్దున్నకి మూడువందలు కావాల."

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నూకయ్య వరండాలో చాప పరిచాడు. చీటీలు ఒక కట్ట, పుస్తకాలు పది వరసలు, మైదా ఉడికించిన జిగురు ఒక గిన్నెలో. ఏంజలిన్ మిస్ ఒక తలగడతో సహా టోటో దిగి, దాన్ని కుర్చీలో వేసుకుని కూర్చుంది. తెలుగు చదవలేకపోయినా చీటీ వంకరగా అంటిస్తే పట్టుకోగలదు. గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ అప్పలనర్సమ్మని చూసి, "నువ్వూ రా. మొగోడు ఒక్కడే అంటిస్తే ఆదివారానికి అవదు" అంది.

అప్పలనర్సమ్మకి మిస్ మాట తీసేయడం చేతకాదు. అప్పటిదాకా వేలితో కూడా ముట్టుకోని పుస్తకాన్ని మొహం ముడుచుకునే ఒళ్లోకి తీసుకుంది. చీటీకి జిగురు రాసింది. ఏడో క్లాసు దాకా చదివిన మనిషి కాబట్టి, అంటించబోతూ అలవాటుగా చదివింది.

'కరెక్షన్ స్లిప్ నం. 1. పేజీ 98, రెండో పేరా పూర్తిగా తీసివేసి ఈ విధంగా చదువుకోవలెను: పడవలు దించమని కెప్టెన్ ఉత్తర్వు ఇచ్చినది గట్టు టైము ప్రకారం సాయంత్రం 4-10కి. మొదటి పడవ కనిపించినది 4-35కి. సెకండ్ ఆఫీసర్ జెఫ్రీ, ఖలాసీ దేముడు, మరి అయిదుగురు ఖలాసీలు ఉత్తర్వు ప్రకారమే పడవ దించి, నలభై ఒక్కమంది డెక్ పాసింజర్లను ప్రాణాలతో గట్టు చేర్చారు.'

చదివి, మళ్లీ మొదటి నుంచీ చదివింది. చీటీ ఆవిడ వేళ్లకే అంటుకుపోయింది.

"ఇది నిజివేనేటి?"

"నిజివే. ఓడ గడియారం ఒక గంట ముందుండీదట. నాను తప్పు సూసినాను" అన్నాడు నూకయ్య.

"మిస్ బాదపడతాదని మార్సినావా?"

"నానా? మార్సడమా?" నూకయ్యకి నిజంగానే కోపం వచ్చింది. "రూల్ బుక్కులో ఉంది. కావాలంటే సూపిస్తాను. నీకెందుకే అంత అనుమానం?"

అప్పలనర్సమ్మ జిగురు చేత్తోనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలిపోతున్నాయి. నూకయ్య భయపడిపోయి దగ్గరికి జరిగాడు.

"మా అమ్మ ఆ పడవలోదే" అంది.

కొంగు నోటి మీంచి తీసింది.

"రెండేళ్ల గుంట. మా మామ్మ ఈపుకి కట్టుకుని దిగిందంట. ఊరొచ్చినాక జనాలు మా ఇంటికి నీళ్లకి రాడం మానేసినారంట, కెప్టెన్ని ముంచేసి పారొచ్చినోల్లని. ఎవులికీ సెప్పకండని మామ్మ అందరిసేతా ఒట్టేయించింది. మా అమ్మ సచ్చిపోయినదాకా ఆ మాట ఎత్తలేదు. నాకు కూడా ఒక్కసారే సెప్పింది, నా పెళ్లికి ముందు. మీ అత్తోరింట్లో సెప్పకే అని."

"మా తాత తెడ్డేసిన పడవే కదే!" అన్నాడు నూకయ్య. "నలభై రెండేళ్లు కాపరం సేసినాం. నాకు కూడా సెప్పలేదేటే?"

"సెప్తే రాసీవోడివి."

ముందు నవ్వింది ఏంజలిన్ మిస్. కడుపు పట్టుకుని, దగ్గు వచ్చేదాకా నవ్వింది. అప్పలనర్సమ్మ కూడా ఏడుపు మధ్యలో నవ్వేసింది. ఆ మాట నిజమేనని నూకయ్యకి తెలుసు. రాసేవాడే. 'ఈ రచయిత అత్తగారు కూడా' అని ఒక లైను కలిపి, ఆ లైనుని కూడా నాలుగుసార్లు పైకి చదువుకునేవాడే. జీవితమంతా తను మురిసిపోయిన గుణానికి భయపడి, పక్కన పడుకున్న మనిషి ఇన్నేళ్లు నోరు కట్టుకుని బతికింది. ఆ సంగతి తగలాల్సిన చోటే తగిలింది.

"తప్పు నాదే నర్సమ్మా" అన్నాడు. పెళ్లయ్యాక ఆవిడతో ఆ మాట అనడం అదే మొదలు.

అప్పలనర్సమ్మ మొహం తుడుచుకుంది. చీటీని జాగర్తగా పేజీ మీద అంటించి, అరచేత్తో నిమిరి, పుస్తకం మొగుడి ఒళ్లో పెట్టింది.

"ఇప్పుడు రాయి."

"ఏటి రాయాల?"

"మా అమ్మ పేరు. నలభై ఒక్కమందని లెక్కేసి ఒగ్గేసినావు. నీకు ఆపీసర్ల కోటు బొత్తాలు తెలుసు. ఆ పడవలో ఉన్నోల్ల పేరు ఒక్కటీ తెల్దు. ఒక్క పేరైనా ఉండాల."

నూకయ్య జేబులోంచి పెన్ను తీశాడు. చీటీ ఇంకా తడిగా ఉంది. దాని కింద ఉన్న కొంచెం తెల్లజాగాలో, చిన్నప్పుడు కాపీ రైటింగు రాసినంత శ్రద్ధగా రాశాడు: 'వారిలో ఒకరు చిట్టెమ్మ, వయసు రెండేళ్లు.'

అప్పలనర్సమ్మ ఒక్కో అక్షరం పడుతుంటే చూసింది. ఆయన ఆఖరి చుక్క పెట్టగానే పుస్తకం తీసుకుని, ఆరడానికి ఎండలో పెట్టింది. తిరిగొచ్చి రెండో పుస్తకానికి చీటీ అంటించి ఆయన ముందుకి తోసింది.

"మూడువందలకీనా?" అన్నాడు నూకయ్య.

"మూడువందలకీ."

ఏంజలిన్ మిస్ మూడో చీటీకి జిగురు రాయడం మొదలుపెట్టింది. నూకయ్య పెన్ను మళ్లీ విప్పి రెండో పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు.